గొట్టంలో గాలి

మా అక్కకి బండి నడపడం రాదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. పెళ్ళికి ముందే స్టీరింగ్ పట్టిన మనిషి. సరుకుల వ్యాను నడిపింది, స్కూలు బస్సు నడిపింది, ఇప్పుడు ఒక క్యాబ్ కంపెనీలో కరెంటు కారు నడుపుతోంది. కూరలో ఉప్పు వేయడం మర్చిపోతుంది గానీ, బండి ఎక్కేముందు చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి చూడటం మాత్రం మర్చిపోదు. మొగుణ్ణి కూడా ఇంత శ్రద్ధగా చూడదని మా బావే వేళాకోళం చేసేవాడు.

ఆ బావదీ అదే కంపెనీ. షెడ్డులో పంక్చర్లు వేయడం, గాలి పట్టడం, టైర్లు మార్చడం అన్నీ ఆయన పనే. నేను అక్కడే బండ్లకి ఛార్జింగ్ పెడతాను, లోపల తుడుస్తాను. ముగ్గురం ఒకే ఇంట్లో తింటాం, ఒకే గేట్లోంచి పనిలోకి వెళ్తాం.

ఆ రోజు అక్క రోజూ నడిపే బండికి ఛార్జింగ్ ఎక్కలేదు. ఆఫీసువాళ్ళు ఇంకో బండి ఇచ్చి పంపారు. బయల్దేరిన కాసేపటికే బండి ఎడమవైపు లాగుతోందని అక్క సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది. ఈ బండ్లలో ప్రతి చక్రం లోపలా ఒక సెన్సర్ ఉంటుంది. చక్రంలో గాలి ఎంత ఉందో అది చెప్తుంది. ఆ లెక్క డ్రైవరు ముందున్న తెర మీదా కనిపిస్తుంది, ఆఫీసు కంప్యూటర్లోనూ కనిపిస్తుంది. నాలుగు చక్రాల్లోనూ గాలి నిండుగా ఉందని, సాకులు మాని పని చూడమని అన్నాడు ఆ మహానుభావుడు. ఎక్కేముందు అక్క చూసినప్పుడు చక్రాలు బాగానే ఉన్నాయి, ముందున్న తెర కూడా అదే చూపిస్తోంది. మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తనే లేదు.

పెద్ద రోడ్డెక్కాక ఎడమపక్క ముందు టైరు చీలికలైపోయింది. ఈ బండ్ల అడుగున ఉండే బ్యాటరీ బరువు మామూలుది కాదు. గాలి తగ్గిన టైరు ఆ బరువు కింద నలిగి నలిగి, కాలిపోయేంత వేడెక్కి పక్కన చిరిగిపోయింది. అక్క ఎవర్నీ గుద్దకుండా బండిని రోడ్డు పక్కకి తెచ్చి ఆపగలిగింది. కానీ ఆ కుదుపుకి వెనక సీట్లో ఉన్న పెద్దావిడ మోచెయ్యి విరిగింది.

దానికి ఏమన్నారో తెలుసా? తప్పంతా అక్కదేనట. కంప్యూటర్లో గాలి నిండుగా ఉంది కాబట్టి, దురుసుగా నడిపి టైరుని ఎక్కడో కొట్టి ఉంటుందట. రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదట. ఊళ్ళో ఉన్న మిగతా క్యాబ్ కంపెనీలన్నిటికీ ఈమె ప్రమాదాలు చేసే డ్రైవరని కబురు పెడతారట. అంటే ఇంకెవరూ మా అక్క చేతికి తాళం ఇవ్వరు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఆ బండిని లాక్కొచ్చి షెడ్డులో పడేశారు. పెద్దావిడ సంచీ డిక్కీలో ఉండిపోయిందంటే తీయడానికి నేను వెళ్ళాను. ఈ బండ్లకి స్టెప్నీ ఉండదు, ఆ చోటు ఖాళీగా ఉంటుంది. సంచీ లాగుతుంటే మ్యాట్ జరిగి, ఆ ఖాళీలో ఒక ప్లాస్టిక్ గొట్టం కనిపించింది. రెండు చివర్లా మూతలు బిగించి ఉన్నాయి. ఒక మూతకి టైరుకుండే వాల్వు. ఊపితే లోపల ఏవో గలగలమన్నాయి, వాల్వు నొక్కితే బుస్సుమని గాలి వచ్చింది. అక్కకి చూపించాను. అక్క చిరిగిన టైరు లోపలికి టార్చి వేసి చూసింది. సెన్సర్ ఉండాల్సిన చోట ఉత్త రబ్బరు వాల్వు ఉంది.

నాలుగు సెన్సర్లూ ఆ గొట్టంలో ఉన్నాయి. గొట్టంలో గాలి నిండుగా ఉంది కాబట్టి కంప్యూటర్‌కీ నిండుగానే కనిపించింది. ఇంక చక్రాల్లో గాలి ఉంటే ఎవడిక్కావాలి, పోతే ఎవడిక్కావాలి!

ఆ షెడ్డులో చక్రాలు విప్పే మనిషి ఒక్కడే.

ఇంటికెళ్ళి గొట్టాన్ని బావ కంచం పక్కన పెట్టాం. అడగ్గా అడగ్గా నిజం కక్కాడు. టైరు విప్పి లోపల్నుంచి అతికేంత తీరిక లేదని, వాల్వులోంచి పంక్చర్ లిక్విడ్ పోసి పంపెయ్యమనేవాడట సూపర్‌వైజర్. ఆ జిగురు సెన్సర్లకి పట్టేసి పిచ్చి లెక్కలు చూపించడం మొదలైంది. ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా డ్రైవర్లు బండ్లు ఆపేసేవాళ్ళు. కొత్త సెన్సర్లు కొనేది లేదు, దీపం మాత్రం వెలగకూడదు, అదీ ఆయన హుకుం. బావ వాటిని పీకి, కడిగి, గొట్టాల్లో పెట్టి గాలి కొట్టాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. సూపర్‌వైజర్ భుజం తట్టాడట. ఆ ముక్క చెప్పేటప్పుడు బావ మొహంలో కాస్త గర్వం కూడా కనిపించింది.

అక్క అరవలేదు. అరిచింది నేనే. రేపు ఆఫీసులో ఈ మాట చెప్తావా లేదా అని నిలదీశాను. చెబితే తన ఉద్యోగం కూడా ఊడుతుందన్నాడు. ఇంట్లో ఒకళ్ళకైనా పని ఉండాలి కదా అన్నాడు. పెళ్ళాం నెత్తిన చెయ్యని తప్పు పడ్డా సరే, తను చల్లగా ఉంటే చాలన్నమాట! అక్క లేచి చెయ్యి కడుక్కుంది. పొద్దున్నే మా ఇద్దర్నీ తనతో షెడ్డుకి రమ్మంది, అంతే.

పొద్దున డ్రైవర్లంతా తాళాల కోసం నిలబడి ఉండగా అక్క గొట్టం చూపించి జరిగింది చెప్పింది. తాళాలు నేనే తెచ్చి పంచాను, ఎవరి డిక్కీ వాళ్ళు తెరిచారు. మ్యాట్ ఎత్తినచోటల్లా గొట్టమే. రోజూ చంటిపిల్లల్ని బడికి దింపే డ్రైవరు ఒకడు, తన గొట్టం తీసుకొచ్చి బావ కాళ్ళ ముందు పెట్టాడు. బావ తల దించుకుని నిలబడ్డాడు.

ఆఖరికి అక్క రోజూ నడిపే బండి మిగిలింది. డిక్కీ నేనే తెరిచాను. మ్యాట్ ఎత్తితే అక్కడ ఏమీ లేదు.

అప్పుడు బావ తలెత్తాడు.

"నీ బండి జోలికి నేను పోలేదే. నీ సెన్సర్లు చక్రాల్లోనే ఉన్నాయి. లిక్విడ్ కూడా పొయ్యలేదు, పంక్చరైనప్పుడల్లా విప్పి లోపల్నుంచే అతికాను. నీకేమీ కాకూడదనే కదా" అన్నాడు.

గొంతులో ప్రేమ ఉంది, కాదనను. ఆ మాటకి అక్క కరిగిపోతుందనుకున్నాడు, పిచ్చి మారాజు.

"అంటే ప్రమాదమని మీకు ముందే తెలుసు" అంది అక్క.

డ్రైవర్లంతా బావ వైపే చూస్తున్నారు. తానేం మాట్లాడాడో అప్పటికి గానీ ఆయన బుర్రకెక్కలేదు. అక్క నా దగ్గర తన బండి తాళం తీసుకెళ్ళి, పిల్లల్ని దింపే డ్రైవరు చేతిలో పెట్టింది. తిరిగొచ్చి బావకి ఎదురుగా నిలబడింది.

"నా బండి ఇచ్చేశాను. మిగిలినవాటిలో నాకేది ఇస్తారో మీరే చూపించండి. అందులోనే వెళ్తాను."

బావ ఆ బండ్ల వరస వంక చూశాడు. ఒక్కదాని వైపు కూడా వేలు చూపించలేకపోయాడు.

ఈలోగా సూపర్‌వైజర్ ఊడిపడ్డాడు, బండ్లు ఇంకా కదల్లేదేమని కేకలేస్తూ. పని పోయిన మనిషికి షెడ్డులో ఏం పని అంటూ అక్క మీదికి వచ్చాడు. నేను నోరు తెరిచేలోగా బావ అడ్డం వచ్చాడు. "ఆవిడ తప్పేం లేదు సార్. సెన్సర్లు పీకింది నేను, పీకమంది మీరు" అన్నాడు, అందరికీ వినపడేలా.

సెన్సర్లు చక్రాల్లోకి తిరిగి వచ్చేదాకా డ్రైవర్లు ఒక్క బండి కదలనివ్వలేదు. కంపెనీవాళ్ళు సూపర్‌వైజర్‌ని పనిలోంచి పంపేశారు. అక్క ఉద్యోగం నిలబడింది. నా ఒళ్ళు మండించిన బావ ఉద్యోగం కూడా నిలబడింది, డ్రైవర్లే ఉండనివ్వమన్నారు, ఎందుకు క్షమించారో నాకైతే అర్థం కాలేదు. అక్క మాత్రం ఆయనకి ఒకటే షరతు పెట్టింది. షెడ్డులోకి ఎన్ని బండ్లు వచ్చినా సరే, మిగతావాళ్ళ టైర్లన్నీ చూశాకే తన బండి ముట్టుకోవాలి. అప్పటిదాకా పక్కనే నిలబడి చూస్తుంటుంది, ఎంత ఆలస్యమైనా.