నాంపల్లి మేడ మీద గుయ్‌మన్న దొంగ

ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. నమ్మకపోవడమే తెలివి అనుకునే వయసు. జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి, అబిడ్స్‌లో ఒక బట్టల షాపులో బిల్లులు కొడుతూ, నాంపల్లిలో ఒక మేడ మీద గది కిరాయికి తీసుకున్నాను. చేతిలో స్మార్ట్‌ఫోను ఉండి కూడా నాకు దూరపు రేడియో స్టేషన్లు పట్టే పిచ్చి. మేడ ఈ కొస నుంచి ఆ కొసకు రాగి తీగ కట్టి, షార్ట్‌వేవ్ ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ కూర్చునేవాణ్ణి. ఏ సముద్రం అవతలి గొంతో ఒక్క నిమిషం చెవిన పడితే అన్నం కూడా అక్కర్లేదు. (ఏ భాషో తెలియదు, ఏం చెబుతున్నారో తెలియదు. మా అమ్మ ఫోన్ చేస్తే మాత్రం "బిజీగున్న" అనేవాణ్ణి.)

అన్నిటికంటే నా ప్రాణమంతా ఒక చిన్న దీవి స్టేషన్ మీద ఉండేది. సాయంత్రం ఏడింటికి అరగంట వస్తుందట. ఏడాదిగా తిప్పుతున్నా దొరకలేదు. వచ్చే ఆదివారంతో దాన్ని శాశ్వతంగా మూసేస్తున్నారని తెలిసింది. సరిగ్గా ఆ వారమే నా రేడియోలో గుయ్‌మని మోత మొదలైంది! పొద్దున ఉండదు. సాయంత్రం నేను షాపు నుంచి వచ్చి, దిగిపోయిన ఫోనుకు ఛార్జింగు తగిలించుకుని రేడియో ముందు కూర్చోగానే మొదలు. అంటే ఏమిటి? నా రాక ఎవరో కనిపెడుతున్నారు. నేను మెట్లెక్కగానే కావాలని ఏదో స్విచ్చు వేస్తున్నారు.

మొదటి అనుమానం మా కింది అంతస్తు ట్యూషన్ సారు మీద. ఆయనకు ఇన్వర్టరు ఉంది. పైగా రోజూ "ఏం తమ్మీ, వచ్చినవా?" అని పలకరిస్తాడు. రోజూ ఎందుకు అడగాలి? రెండో అనుమానం ఓనర్ అంకుల్ మీద. నా తీగను చూసినప్పుడల్లా ఆయన మొహం చిట్లించేవాడు. ఆఖరికి ఆయన తల్లినీ వదల్లేదు. ఆ అవ్వ మెట్ల మీద కూర్చుని బేగం బజార్ చింతపండుకు గింజలు తీస్తూ, నేను దాటిపోతుంటే చిన్నగా నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇక లాభం లేదని చిన్న రేడియో చేతపట్టి, తలుపు తలుపుకూ ఆనించి మోత ఎక్కడ పెరుగుతుందో చూడబోయాను. సారు తలుపు దగ్గర గుయ్. ఓనర్ తలుపు దగ్గరా గుయ్. అవ్వ చింతపండు చేట దగ్గర కూడా గుయ్! నాకు విషయం అర్థమైపోయింది. అందరూ కలిసే చేస్తున్నారు.

ఇంతలో సారు తలుపు తీశాడు. "ఏంది తమ్మీ, మా ఇంట్ల ముచ్చట్లు ఇంటున్నవా?"

ఆ కేకకు ఓనర్ అంకుల్ వచ్చాడు. నా సంగతి విని ఆయన ఒక్కటే మాటన్నాడు. "ఇగో, ఐతారం ఏడింటికి బిల్డింగు మెయిన్ బంద్ చేస్త. గప్పుడు గూడ మోత వచ్చిందంటే, తెల్లారి నీ తీగ నేనే తెంపుత. ఏమంటవ్?"

"ఔ అంకుల్" అన్నాను, దొంగ దొరికినట్టే అనుకుంటూ.

ఆదివారం ఏడింటికి మెయిన్ ఆపి అందరూ మేడెక్కారు. ఇల్లంతా చీకటి. నా రేడియో సెల్లుల మీద నడిచేది కాబట్టి ఆన్ చేశాను. గుయ్‌మంది. అయినా బుద్ధి మారలేదు. వెంటనే పక్క బిల్డింగు వైపు అనుమానంగా చూశాను.

"బిడ్డా, నీ అంగి జేబుల నీలంగ మెరుస్తున్నదేంది?" అంది అవ్వ.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ వారమే బేరమాడి కొన్న పవర్‌బ్యాంకు. సాయంత్రమైతే దాన్నే ఫోనుకు తగిలించి జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి. వైరు పీకాను. మోత టక్కున ఆగిపోయింది.

"సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినవ్ గదరా!" అంది అవ్వ. అందరూ పడీ పడీ నవ్వారు. సారైతే కళ్ళు తుడుచుకున్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ నవ్వులు సద్దుమణిగేసరికి రేడియోలో ఒక ఆడమనిషి గొంతు. సన్నగా, వస్తూ పోతూ, మధ్యమధ్య ఆ దీవి పేరు పలుకుతూ. ఏడాదిగా నేను వెతుకుతున్న స్టేషన్ అదే!

"ఏమంటున్నదిరా?"

"తెలవదవ్వా."

"తెలవనామె కోసమా మా మీద గింత అనుమానపడ్డవ్!"

ఓనర్ అంకుల్ మెయిన్ వేయడానికి లేచాడు. "జర ఆగురా, ఆమె చెప్పుడు అయిపోనియ్యి" అంది అవ్వ. ఆయన కూర్చున్నాడు. ఆ అరగంటా అందరం చీకట్లో, దోమలు కొట్టుకుంటూ, అర్థంకాని ఆ మాటలు విన్నాం. చివర్లో ఏదో పాట వేశారు, తర్వాత ఒట్టి హోరు.

"రేపు గూడ వస్తదా?" అన్నాడు అంకుల్.

"రాదంకుల్. ఇగ ఎన్నడు రాదు."

ఆయన నా తీగ వైపు చూశాడు. పందెం గెలిచింది ఆయనే. కిందికి దిగి లైట్లు వేశాడు. నేను ఖాళీ చేసేదాకా ఆ తీగ అక్కడే ఉంది.

ఇప్పుడు ఏ దేశపు స్టేషనైనా ఫోను మీద వేలు పెడితే గుయ్‌మనకుండా పలుకుతుంది. ఇంట్లో ఏదైనా కనబడకపోతే ఇప్పటికీ ముందు పక్కవాళ్ళనే అనుమానిస్తాను. మా ఆవిడ "జేబు చూసుకో" అంటుంది. చాలా ఇళ్ళు మారాను, చాలామందిని అనుమానించాను. కానీ అనుమానించడానికి అంత మంచి మనుషులు మళ్ళీ దొరకలేదు.