సముద్రం కనబడని రోజు

నా చిన్నప్పుడు మా నాన్నమ్మ సముద్రాన్ని టీవీలో చూసేది. మాది భావనపాడు. ఇంటి నుంచి ఒడ్డు నడిచి వెళ్లేంత దూరమే. కానీ తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక ఆవిడకు ఆ కాస్త దూరమూ అందకుండా పోయింది. పొద్దున్నే నీటి రంగు చూడనిదే ముఖం కడుక్కోని మనిషి, గోడకేసి తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. అది చూడలేక మా చిన్నాన్న ఒక పని చేశాడు. ఒడ్డున ఆయనకు ఎండు చేపల పాక ఉండేది. ఆరబెట్టిన చేపలు మాయమవుతున్నాయని దానికి పెట్టించిన సీసీ కెమెరాను సముద్రం వైపు తిప్పేశాడు. దాని తీగ ఇసుకలో పూడ్చి, మొగలి పొదల మధ్య నుంచి మా ఇంట్లోని రికార్డరు డబ్బా దాకా లాగి ఉంది. టీవీ తెర మీద ఒక గడిలో మా వీధి గుమ్మం, పక్క గడిలో సముద్రం.

చేపలు పోతే పోయాయి గానీ నాన్నమ్మ మళ్లీ ఇటు తిరిగి పడుకుంది. ఏ తెప్ప ఎవరిదో, ఎవరు బరువుగా వస్తున్నారో, ఎవరు ఉత్త వలతో వస్తున్నారో ఆ చిన్న గడిలోంచే చెప్పేసేది.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఒకనాడు చిన్నాన్న తెల్లవారుజామునే ఇద్దరు ముగ్గురిని తోడు తీసుకుని తన ఇంజను తెప్ప మీద వేటకు వెళ్లాడు. వెళ్లేటప్పటికి ఆకాశం బాగానే ఉంది. బడిలో ఉండగానే గాలి తిరగబడింది, మమ్మల్ని ముందే ఇళ్లకు పంపేశారు. ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీని అరచేత్తో కొడుతోంది. వీధి గుమ్మం కనబడుతోంది. సముద్రం ఉండాల్సిన గడి నల్లగా ఉంది. మధ్యలో వీడియో లేదని ఇంగ్లీషు అక్షరాలు.

నాన్న గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లి ఉన్నాడు. ఆ డబ్బా సంగతి తెలిసిన ఒక్క మనిషీ సముద్రంలో ఉన్నాడు. ఆయన ఫోను కలవడం లేదు. కెమెరాలు బిగించిన టెక్కలి షాపువాళ్లను అడిగితే వాన తగ్గాక చూద్దామన్నారు. నాన్నమ్మ ఆ నల్ల గడి వైపే చూస్తోంది.

నేను పరిగెత్తి పక్కింటి అక్కను పిలుచుకొచ్చాను. టెక్కలిలో పాలిటెక్నిక్ చదివి, ఉద్యోగం కోసం చూస్తూ ఇంటి దగ్గరే ఉండేది ఆ అక్క. వచ్చీ రాగానే దేన్నీ కొట్టలేదు, పీకలేదు. కాసేపు తెరను చూసి, వీధి గుమ్మం కనబడుతోంది కాబట్టి టీవీలో లోపం లేదు అంది. డబ్బా వెనక్కి చేయి పెట్టి వీధి కెమెరా తీగను సముద్రం తీగ ఉన్న చోట పెట్టింది. నల్ల గడిలో మా గుమ్మం ప్రత్యక్షమైంది. సముద్రం తీగను రెండో చోట పెడితే అక్కడ నలుపే వచ్చింది. డబ్బా కూడా బాగానే ఉందన్న మాట. లోపం ఒడ్డున ఉండాలి, లేదా దారిలో ఉండాలి.

స్టూలెక్కి వీధి కెమెరాను విప్పి, దాని అడాప్టరుతో సహా ఒక సంచిలో చుట్టుకుంది. అమ్మ ఫోను నా చేతిలో పెట్టి టీవీ ముందు కూర్చోమంది. ‘‘నాను పాక కాడ దీన్ని తగిలించి అడుగుతాను. కనబడితేనే కనబడిందని సెప్పాలి. వచ్చీలా ఉందనీ, వచ్చేస్తాదేమో అనీ సెప్పకు,’’ అని వానలోకి వెళ్లిపోయింది.

నాన్నమ్మ మంచం పక్కన కూర్చుని నేను ఆ నలుపును చూస్తూనే ఉన్నాను. ఫోను మోగింది. పాకలో కరెంటు ఉందట, బల్బు వెలుగుతోందట. మా వీధి కెమెరాను అక్కడి తీగకు తగిలించిందట. ‘‘ఇప్పుడు?’’ అంది. నాన్నమ్మ నా మోచేయి పట్టుకుంది. అవునని చెప్పాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. ‘‘లేదక్కా,’’ అన్నాను. తీగ కొస మళ్లీ బిగించి అడిగింది. లేదన్నాను. అడాప్టరు మార్చి అడిగింది. లేదనే అన్నాను.

తర్వాత ఫోను స్పీకరులో పెట్టమంది. ‘‘మామ్మా, కెమెరా కాదు. తీగ ఎక్కడో తెగిపోనాది. మొగలి పొదల్లో ఎక్కడని తవ్వీది ఈ వానలో? ఇయాల నా వల్ల కాదు.’’

నా వల్ల కాదని అంత కచ్చితంగా ఒప్పుకున్న పెద్దవాళ్లను నేనంతవరకు చూడలేదు. నాన్నమ్మ కళ్లు మూసుకుంది. అయితే అక్క ఫోను పెట్టేయలేదు. ‘‘నాను ఒడ్డునే ఉంటాను. అగుపడిందల్లా సెప్తాను,’’ అంది.

ఆ సాయంత్రమంతా అలాగే గడిచింది. ఒక తెప్ప వచ్చిందనేది, ఎవరిదో చెప్పేది. మరొకటి అలల్లో తిరగబడబోయి నిలిచిందనేది. ఒడ్డున ఆడవాళ్లు ఎక్కడ నిలబడ్డారో కూడా చెప్పేది. ప్రతిసారీ నాన్నమ్మ ఒకటే అడిగేది, మనోడు వచ్చేడా అని. ప్రతిసారీ అక్క రానేదు మామ్మా అనేది.

అమ్మ ఓర్చుకోలేకపోయింది. ఫోను లాక్కుని వంటింట్లోకి వెళ్లి గొంతు తగ్గించి అంది. ‘‘వచ్చేడని సెప్పీ పిల్లా. ముసిల్ది ఈ దిగులుకే పోయీలా ఉంది.’’

నేను గుమ్మంలోనే ఉన్నాను. అక్క మాట స్పష్టంగా వినబడింది. ‘‘సెప్పేస్తాను పిన్నీ. ఓపాలి వాడితో మాట్లాడించమంటాది మామ్మ. అప్పుడు ఫోను ఎవులికి ఇమ్మంటావు?’’

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోను తెచ్చి నాన్నమ్మ దిండు మీద పెట్టింది.

చీకటి పడబోతుండగా నాన్నమ్మ అడిగే ప్రశ్న మారింది. గాలి ఏ పక్క నుంచి కొడుతోందని అడిగింది. నురుగు ఎటు పోతోందని అడిగింది. అక్క చూసి చెప్పింది. ‘‘అయితే ఈ ఒడ్డుకు రాడు,’’ అంది నాన్నమ్మ. ‘‘ఇంజను ఆగిపోతే దక్షిణం పక్కకి లాగీస్తాది. కళింగపట్నంలో మనోళ్లని ఒడ్డుకెల్లి సూడమను.’’ బడి నుంచి వచ్చినప్పటి నుంచి ఆ గొంతులో నేను వినని గట్టిదనం అది. అమ్మ వెంటనే అక్కను ఆగమని, అక్కడి మా మేనత్తకు ఫోను చేసింది. వాళ్లు టార్చిలైట్లు పట్టుకుని వెళ్లారు. ఎవరూ కనబడలేదు. వానలో తడిసి ముద్దయి వచ్చిన అక్క, చీర మార్చుకుని నాన్నమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. ధైర్యం చెప్పలేదు. గంజి తాగించింది.

మర్నాడు ఉదయం కళింగపట్నం పక్కనే, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర చిన్నాన్న తెప్ప ఇసుకలో కూరుకుపోయి కనబడింది. ఇంజను పాడై రాత్రంతా కొట్టుకుపోయారట. ఆయనా, తోడు వెళ్లినవాళ్లూ అక్కడి పల్లెవాళ్ల ఇళ్లలో బతికే ఉన్నారు. మావాళ్లు చేరేలోగానే ఆ పల్లెవాళ్లు వాళ్లను నీళ్లలోంచి లాగి బట్టలిచ్చారు. కాబట్టి మేము చేసినదేదీ ఆయనను ఒడ్డుకు చేర్చలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. కానీ ఆ సాయంత్రం వచ్చేశాడని ఎవరైనా చెప్పి ఉంటే, నాన్నమ్మ గాలి సంగతి అడిగేది కాదు. కొడుకు కోసం తాను చేయగలిగిన ఒకే ఒక్క పని చేయకుండానే ఆ రాత్రి గడిపేది.

ఇప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రిలో నర్సుని. ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నవాళ్లు తలుపు తెరుచుకోగానే నా ముఖం వైపు చూస్తారు. ఏం ఫర్వాలేదనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. కానీ తెలిసినదే చెబుతాను. తెలియనిది తెలియదంటాను. తెలియదనేసి లోపలికి వెళ్లిపోవడం చాలా తేలిక. నేను వెళ్లను. లోపలి నుంచి నన్ను పిలిచేదాకా ఆ బల్ల మీద, వాళ్ల పక్కనే కూర్చుంటాను.