చదివి వినిపించాకే వేలిముద్ర

అత్త పోయిందన్న కబురు ఫీనిక్స్ బే జెట్టీలో నేను టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గరికి వచ్చింది. సామాన్లు మోసే ఒక భయ్యా వరసలో ఉన్నవాళ్లను తప్పించుకుని వచ్చి, కిటికీలో తల పెట్టి, "దీదీ, మీ మచ్ఛీవాలీ మాజీ గుజర్ గయీ. ఇప్పుడే అస్పతాల్ నుంచి ఫోనొచ్చింది," అన్నాడు. నేను తల ఊపి ఇంకో మూడు టికెట్లు ఇచ్చాను. మూడో టికెట్ మీద ప్రయాణికుడి పేరుకు బదులు అత్త పేరు రాశానని ఆయన చెబితే గాని తెలియలేదు. అప్పుడు కిటికీ మూశాను. బోటుకు టైమైపోతోందని వెనకనుంచి ఎవరో కేకలేశారు. పక్క కిటికీకి వెళ్లమన్నాను, కాస్త గట్టిగానే అన్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. జంగ్లీఘాట్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది, పిలుపుకే అత్త. ఆమె అమ్మానాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చారట, ఆమె మాత్రం ఇక్కడే పుట్టింది. పొద్దున్నే రేవులో వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. కూతురు చనిపోయాక మనవరాలిని తనే పెంచింది. ఆ పిల్లా, మా అమ్మాయీ మా పేట బడిలో తెలుగు సెక్షన్‌లో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆ సెక్షన్ ఇవాళ్టికీ ఉందంటే అత్త వల్లే ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కర్మ రోజున వచ్చినవాళ్లలో చాలామంది ఆమె సౌమ్యురాలనీ, ఎవరినీ ఒక మాట అనేది కాదనీ చెప్పుకున్నారు. వింటుంటే నాకు ఒళ్లు మండింది. అనేది. అందరినీ అనేది. నన్నయితే వారానికి రెండుసార్లు అనేది. పోయిన మనిషిని మెత్తబరచి ముద్ద చేసి ఒక మూల పెట్టేయడం నాకు ఇష్టం లేదు.

మా బడిలో ఒక అలవాటు ఉండేది. ఏటా చలికాలం సెలవుల ముందు పిల్లల సంచుల్లో హిందీలో రాసిన ఒక కాగితం వచ్చేది. పిల్లల్ని బోటులో పిక్నిక్‌కు తీసుకెళ్తాం, ఒప్పుకుంటూ సంతకం పెట్టండి అని దాని సారాంశం. అందుకని ఆ రోజుల్లో సంచిలోంచి ఏ కాగితం బయటికొచ్చినా మాకు అది పిక్నిక్ కాగితమే. పిల్లలు తొందర పెట్టేవారు, మేము పెట్టేసేవాళ్లం. మా వీధిలో ఎవరూ దాన్ని చదివిన పాపాన పోలేదు. పిక్నిక్ కాగితంలో చదవడానికి ఏముంటుంది?

నాలుగేళ్ల కిందట కూడా అలాగే కాగితం వచ్చింది. మా అమ్మాయి బడి గేటు దగ్గర సంచి తీసి చూపిస్తే, స్కూటర్ సీటు మీద పెట్టి సంతకం గీకి లోపలికి పంపేశాను. నేను హిందీలోనే చదువుకున్నాను. రోజంతా ఆఫీసులో హిందీ కాగితాలే చూస్తాను. అయినా చదవలేదు.

మర్నాడు తెల్లారి, రేవుకు వెళ్లే దారిలో అత్త మా గుమ్మం ముందు ఆగింది. చేతిలో ఆ కాగితమే. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం రాదు. కానీ చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టేది కాదు, రేషన్ కాగితమైనా, టీకా కాగితమైనా. రాత్రి మనవరాలి చేత చదివించిందట. మూడో తరగతి పిల్ల, హిందీ కూడబలుక్కుని చదివి సగంలో ఆపేసింది.

"ఒలే, ఇందల తెలుగు అని ఉందంటంది పిల్ల," అంది అత్త. "పిక్నిక్కు పోడానికి తెలుగెందుకే?"

తీసుకుని చదివాను. పిక్నిక్ మాటే లేదు. వచ్చే ఏడు నుంచి మా పిల్లను తెలుగు సెక్షన్‌ నుంచి హిందీ సెక్షన్‌లోకి మార్చడానికి మేము ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాం అని ఉంది. కింద తల్లిదండ్రుల సంతకానికి ఖాళీ. ముందురోజు సీటు మీద పెట్టి నేను నింపి పంపింది ఆ ఖాళీనే. చదివింది చదివినట్టు ఆమెకు చెప్పాను. నీ కాగితమేదీ అంది. ఇచ్చేశానన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "నాకు సదువు రాదు. నీకేటొచ్చింది?" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ పొద్దు ఆమె వేలం పాటకు వెళ్లలేదు. ఖాళీ గంప చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. నేను సెలవు పెట్టి వెనకాల నడిచాను. ప్రతి గుమ్మంలోనూ కాగితం ఏమిటో నేను చదివి చెప్పాలి, తర్వాత ఆమె మాట్లాడుతుంది. అందరూ సంతకం పెట్టేసినవాళ్లే. ఒకాయన, కాంట్రాక్టు పనులు చేయించే ఆయన, పోనీలే అత్తా, ఈ దీవుల్లో హిందీయే కదా అన్నం పెట్టేది అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అత్త కూడా హిందీలో బేరం ఆడేది, బెంగాలీలో తిట్టేది, తమిళంలో పలకరించేది. ఆమెకు ఏ భాష మీదా కోపం లేదు.

"దేంట్లో సదివినా సదవనీ నాయనా," అంది. "నన్నడగాల. అడక్కుండా నా సేత ఒప్పించీడమేటి?"

ఆయన లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని మాతో పాటు బయల్దేరాడు.

హెడ్‌మాస్టర్ చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చిన కాగితం పంచాడు, అంతే. సెక్షన్‌లో పిల్లలు తక్కువ, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు, ఎన్ని మీటింగులు పెట్టినా ఎవరూ రారు అన్నాడు. రిజిస్టర్ తీసి చూపించాడు కూడా. ప్రతి నెలా, రెండో శనివారం, పదకొండు గంటలకు: ఎవరూ రాలేదు. నిజమే, మేము ఎప్పుడూ వెళ్లలేదు. పదకొండు గంటలకు ఆడవాళ్లు గంపలతో వీధుల్లో ఉంటారు, మగవాళ్లు వలలు కడుగుతూనో పనుల్లోనో ఉంటారు, నేను టికెట్ కిటికీలో ఉంటాను. అత్త అదే చెప్పింది. చెప్పి, మూడు గంటలకు రేవులో షెడ్డు కింద మేమందరం ఉంటాం, మీరే రండి మాస్టారూ అంది. బడి మీటింగు చేపల రేవులోనా అని ఆయన నవ్వాడు. షెడ్డు కడిగేసే ఉంటుందిలే, వాసన పట్టదు అంది.

ఆయన వచ్చాడు. ప్యాంటు మడమల పైకి మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. అత్త ఐస్ పెట్టె ఒకటి బోర్లించి గోనెపట్టా పరిచి కూర్చోమంది. అందరి ముందూ ఆ కాగితం ఆయన చేతే చదివించింది. ఒక్కో వాక్యం ఆయన హిందీలో చదువుతుంటే తెలుగు పంతులమ్మ మా భాషలో చెప్పింది. తర్వాత ఒక్కొక్కరే లేచి, తెలియక పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నామని కొత్త కాగితం మీద రాసిచ్చారు. మొదటి సంతకం నాది. ఆ ఏడు సెక్షన్ మూయలేదు.

ఆ రోజు మొదలు ప్రతి నెలా మీటింగు మధ్యాహ్నం మూడు గంటలకు, రేవులోనే. బడి కబుర్లన్నీ తెలుగు సెక్షన్ పిల్లలే ఒక పెద్ద కాగితం మీద రాసి తెచ్చి బిగ్గరగా చదివేవారు. మొదట్లో పరీక్షలు, బహుమతులు, జెండా పండగ, అంతే ఉండేవి. అత్తకు అది నచ్చలేదు. ఆడపిల్లల మరుగుదొడ్డిలో కుళాయి రాక మూడు వారాలైంది, అది కబురు కాదా అని అడిగింది. పిల్లలు అదీ రాశారు. కాంట్రాక్టు ఆయన మర్నాడే మనిషిని పంపి కుళాయి బాగు చేయించాడు. అప్పటినుంచి ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరి బోటు ఇంజను పాడైంది, రంగత్‌కు బదిలీ అయిన లెక్కల పంతులమ్మ ఎలా ఉంది, అన్నీ అందులోకి వచ్చేశాయి. చదివే పిల్ల తడబడితే పెద్దవాళ్లు నవ్వేవారు, అత్త ఆ నవ్వినవాళ్లను లేపి నిలబెట్టేది. మా అమ్మాయి బెరుకు పోయింది ఆ ఐస్ పెట్టె మీద నిలబడే.

అత్త ఇంకో పద్ధతి కూడా పెట్టింది. వారానికొక ఇంటి నుంచి ఎవరో ఒకరు వెళ్లి తరగతిలో వెనక బెంచీ మీద ఒక గంట కూర్చోవాలి. ఏమీ అనకూడదు, ఊరికే చూడాలి. తన వంతు వచ్చినప్పుడు ఉతికిన చీర కట్టుకుని వెళ్లేది. గంటసేపూ చేతులు కట్టుకునే కూర్చునేదని పంతులమ్మ చెప్పేది.

పొరపాట్లు చేయలేదా అంటే చేసింది. ఒక నెల మీటింగులో అందరి ముందూ తెలుగు పంతులమ్మను, వారం రోజులు బడికి రాలేదు, జీతం మాత్రం తీసుకుంటున్నావని నిలదీసింది. ఆ అమ్మాయి ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఆమె బిడ్డకు జ్వరమని, ఆస్పత్రిలో ఉందని తర్వాత తెలిసింది. అత్త ఆమె ఇంటికి వెళ్లి చాటుగా తప్పయిందని చెప్పి ఉండొచ్చు. అలా చేయలేదు. మళ్లీ నెల దాకా ఆగి, అదే షెడ్డు కింద, అదే జనం ముందు లేచి, "అందరి ముందూ అన్నాను, అందరి ముందే తప్పని సెప్తన్నాను," అంది. తర్వాత రెండు వంజరం ముక్కలు ఆమె సంచిలో పడేసింది. ఆ పంతులమ్మే ఆస్పత్రిలో చివరి పది రోజులూ అత్త మంచం దగ్గర కూర్చుంది.

నేను ఒకసారి ఆమెకు సంతకం నేర్పిస్తానన్నాను. నాలుగక్షరాలే కదా, వారంలో వచ్చేస్తాయి, ఎన్నాళ్లు ఈ సిరా మరకలు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. పక్కా మొండితనం అనుకున్నాను అప్పుడు.

"సంతకమైతే పెన్ను సేతిలో పెట్టీసి ఎల్లిపోతారు," అంది. "ఏలిముద్రయితే నా సెయ్యి పట్టుకోవాల గదా. పట్టుకున్నోడు నా మొకం సూడాల. సూసినోడిని నేనడుగుతాను, ఏటిదని."

ఇది రాస్తుంటే మా అమ్మాయి పక్కనే కూర్చుని ఉంది. నాకు తెలుగు మాట్లాడటం వచ్చినంతగా రాయడం రాదు, ఒత్తుల దగ్గర ఆగిపోతాను. అది దిద్దుతోంది, విసుక్కుంటోంది. అత్త ఆ రోజు వేలం మానుకుని తిరగకపోతే ఈ దిద్దేవాళ్లు నాకు ఉండేవారు కాదు. ఆమెకు నేను ఈ మాట బతికుండగా చెప్పలేదు. చెప్పి ఉంటే కసిరేది, అయినా చెప్పాల్సింది.

కర్మ అయిన నాలుగో రోజున బడి నుంచి మళ్లీ కాగితం వచ్చింది. ఇప్పుడున్న హెడ్‌మాస్టర్ కొత్తాయన, పాత సంగతులు తెలియవు. సెక్షన్‌లో పిల్లలు తక్కువయ్యారు, మార్పుకు ఒప్పుకోలు కావాలి, తల్లిదండ్రులు ఆఫీసుకు వచ్చి సంతకం చేసి వెళ్లాలి అని ఉంది. ఆ ముసలావిడ లేదు కాబట్టి ఈసారి గొడవ ఉండదని ఎవరో ఆయనతో అన్నారట. ఆ మాట మా వీధికి చేరడానికి గంట పట్టలేదు.

మేము మీటింగు పెట్టుకోలేదు. ఎవరూ ఎవరికీ ఇలా చేద్దామని చెప్పలేదు. పొద్దున వేలం అవగానే ఆడవాళ్లు గంపలు షెడ్డులో బోర్లించి బడికి వచ్చారు. మగవాళ్లు వచ్చారు. కాంట్రాక్టు ఆయన పని ఆపి వచ్చాడు. అత్త మనవరాలిని ఇప్పుడు చూసుకుంటున్న పినతల్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుగా వెళ్లింది. హెడ్‌మాస్టర్ కాగితం ముందుకు జరిపి పెన్ను ఇచ్చాడు. ఆమె పెన్ను ముట్టుకోకుండా, చదవండి సార్ అంది. ఆయన చదివాడు. అంతా విని, ఒప్పుకోను సార్ అని లేచి వెళ్లింది. తర్వాతివాడు కూర్చుని, చదవండి సార్ అన్నాడు. ఇప్పుడే కదా చదివాను, మీరు విన్నారు కదా అన్నాడాయన. అది ఆవిడకు చదివారు సార్, నాకు చదవాల అన్నాడు.

అలా ఒక్కొక్కరికీ మొదటి నుంచి చివరి దాకా చదవాల్సి వచ్చింది. పదకొండు దాటింది. ఆయన గొంతు బొంగురుపోయింది. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు, మర్యాదగానే ఇచ్చారు. తాగి మళ్లీ చదివాడు. వరస వరండా దాటి, మెట్లు దిగి, గేటు దాకా ఉంది. బల్ల మీద కాగితాల కింద ఖాళీలన్నీ ఖాళీగానే ఉన్నాయి.

నా వంతు వచ్చింది. ఆఫీసు గుర్తింపు కార్డు మెడలోనే ఉంది, హిందీలో రాసున్న నా పేరు ఆయన చదివాడు. మీరైనా చదువుకున్నవారు కదా, మీరే చూసుకోండి అని కాగితం నా వైపు తిప్పాడు. నేను దాన్ని మళ్లీ ఆయన వైపు తిప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"చదవండి సార్," అన్నాను. "నాకు తొందరేం లేదు."