గంపలో ఆడపిల్ల

ఇందాక పాప నిద్రలో పాలసీసా తన్నేస్తే తడిసిన గొంగడిలోంచి గొర్రె వాసన లేచి గదంతా నిండింది. ఎన్ని ఎండలకు ఆరేసినా పోని ఆ వాసన భరించలేక మా ఆయన కిటికీ తెరిచి అటు తిరిగి పడుకున్నాడు. నేను పాప నుదురు రెండుసార్లు తాకి చూసి, జ్వరం లేదని నమ్మకం కుదిరాక ఇది రాయడానికి కూర్చున్నాను.

మా ఊరు కేతేపల్లి అవతల. మూడేళ్లకోసారి వేసవిలో బొడ్రాయి పండుగ జరిగేది. ఊరు కట్టినవాళ్లు ఊరి నడుమ మొట్టమొదట పాతిన రాయి అది. ఆ పొద్దున, పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరూ తిరిగొచ్చి బిందెలతో ఆ రాయికి నీళ్లు పోయాలి. ఒక్క ఆడబిడ్డ తక్కువైనా వాన తక్కువవుతుందని కబురు మీద కబురు పంపేవారు. ఎండ చల్లబడ్డాక, పేడతో అలికిన కల్లంలో, వేపపూత రాలుతుండగా, ముంజలు తింటూ, ఉడికించిన శనగ గుడాలు నములుతూ ఊరంతా కూర్చుని, ఈ ఊరు ఎలా కట్టారో చెప్పే నాటకం చూసేది. కరువుకు గొర్రెలను తోలుకొచ్చిన మనుషులు తుమ్మలు నరకడం, నీటి జాడ వెతకడం, రాయి పాతడం, అంతే కథ. గొర్రెలు మాత్రం నిజమైనవే. ఒకసారి పొట్టేలు ఒకటి ఊరి పెద్ద వేషం మెడలోని పూలదండను సగం తినేస్తే, ఆయన పద్యం ఆపి దాన్ని తిట్టిన తిట్లకే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

చివర్లో ఊరి పెద్ద ఒక పసివాణ్ణి గంపలో పెట్టి నెత్తిన ఎత్తుకుని, నాటకం కోసం నిలిపిన రాయి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ఊరిలో నిలిచిన తొలి బిడ్డ అన్నమాట. ఆ గంపలో ఎప్పుడూ మగపిల్లవాడే.

నాకు ఆరేళ్లప్పుడు మా తమ్ముడి వంతు వచ్చింది. నేను తెర వెనక ఖాళీ గంపలో ముందే ఎక్కి కూర్చుంటే, వేషగాడొకాయన రెక్క పట్టి లేపాడు. ఏడుస్తూ పోతే అవ్వ తన గొంగడిలోకి లాక్కుని, నోట్లో ముంజ పెట్టి, "నువ్వు పోయే పిల్లవు బిడ్డా. ఉండేటోళ్లనే గంపల పెడ్తరు" అంది. ముంజ తియ్యగా ఉంది.

ఈ ఎండాకాలం రెండేళ్ల నా బిడ్డను తీసుకుని పండుగకు పోయాను. దుమ్ముకు దగ్గు వస్తుందని, మైకు చప్పుడుకు జడుసుకుంటుందని నా భయాలు నాకున్నాయి. సంచిలో జ్వరం మందు, చెవుల్లోకి దూది, కాచిన నీళ్లు. ఊరి పెద్ద వేషం ఇప్పుడు మా బాపుది. పసివాడు, నాటకం నడిపించే మల్లయ్య తాత మునిమనవడు. తెర వెనక్కి పోయి, ఈసారి నా బిడ్డను, తన మనవరాలిని, గంపలో ఎత్తుకొమ్మని బాపును అడిగాను. అంటించుకున్న గడ్డం సర్దుకుంటూ బాపు మల్లయ్య తాత వైపు చూశాడు.

మల్లయ్య తాతే అన్నాడు. "ఆడపిల్లనా? రేపు ఏ ఊరికి పోతదో ఏమో. జనం నవ్వరా?"

"పొద్దుగాల నేను బిందెడు నీళ్లు పొయ్యకపోతే వాన పడదంటివి గద తాతా. నీళ్లకు ఈ ఊరిదాన్ని, గంపకు కాకపోతినా?"

"మా తాతల కాన్నుంచి గిట్లనే నడుస్తాంది."

బాపు మా ఇద్దరి నడుమ నుంచి చెయ్యి చాపాడు. "గంప ఇటియ్యుండ్రి" అన్నాడు.

ఎత్తుకోవడమైతే ఎత్తుకున్నాడు కానీ, నాకు బాపు మోకాళ్ల నొప్పి గుర్తొచ్చింది. చున్నీ నడుముకు కట్టుకుని, రెండు చేతులూ గంప కింద చాపి నేనూ పక్కన నడిచాను. "గీ డ్రెస్సు పిల్ల ఎవర్రా, కరువుల వచ్చిందా?" అని ఎవరో అంటే జనం నవ్వారు. రెండో చుట్టుకు నవ్వు తగ్గింది. మూడో చుట్టు సగంలో బాపు కాలు తడబడింది. "నువ్వు పట్టు బిడ్డా, నిమ్మలంగ" అంటూ గంప నా నెత్తిన పెట్టాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. పైనుంచి పాప నా జుట్టు పట్టుకుంది. మిగిలిన చుట్టు నేనే తిరిగాను.

తరువాత మల్లయ్య తాత తన మునిమనవణ్ణి వేరుగా మూడుసార్లు తిప్పించాడు.

అవ్వ ఇప్పుడు లేదు, ఆమె గొంగడి నా దగ్గరుంది. కల్లం ప్లాట్లయి హద్దురాళ్లు లేచాయి. నాటకం బడి ఆవరణలోకి వచ్చింది. మందలు ఎన్నో లేవు, ఈసారి గొర్రెలను పక్క ఊరి నుంచి తెచ్చారు. ఇవన్నీ పోతే ఊరుకున్నవాళ్లు, గంప సంగతి మాత్రం పోనివ్వరట. మగపిల్లలకే అని వచ్చేసారికి కాగితం మీద రాసుకుంటారట. రాసుకోనివ్వండి.

తిరుగు ప్రయాణంలో బస్సు కోసం నిలబడి ఉంటే మల్లయ్య తాత మనవడి భార్య, ఏడో నెల కడుపుతో, చంకలో ఆ పిల్లవాడితో నా దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, "అక్కా, గంపల మెత్తగ ఏం పరిచినవ్?" అని అడిగింది.

చెప్పాను. రెండు పాత చీరలు, నాలుగు మడతలు, అంచు చుట్టూ తువ్వాలు.