దీవి అన్నా చాలు

మా మావయ్య నిఘంటువు ఆఫీసులో మాటలకు అర్థాలు రాసీ రాసీ రిటైరయ్యాడు. పేపరు చదివేటప్పుడు కూడా చేతిలో ఎర్రపెన్ను ఉండాల్సిందే. ఇంటికొచ్చినవాళ్లు మాట్లాడితే తప్పులు దిద్దేవాడు. నాకు ఒళ్లు మండేది.

ద్వీపం అనే మాటంటే ఆయనకు మరీ ముద్దు. ద్వి అంటే రెండు, అప్ అంటే నీళ్లు. రెండు పక్కలా నీళ్లున్న నేల అట.

"మిగతా రెండు పక్కల నీళ్లూ ఎవరెత్తుకుపోయారండీ?" అనేది అత్తయ్య.

"ఏటి మధ్య నిలబడి చూడు, నీకే తెలుస్తుంది. ఆ మాటే జనం నోట్లో నలిగి దీవి అయింది," అనేవాడు.

అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషికి పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. డాక్టరమ్మ బొమ్మల కార్డులిచ్చి, "ఏ మాటొచ్చినా సంబరపడండి. తప్పు పట్టారో, బెదిరిపోయి అసలు మాట్లాడరు," అని మరీ మరీ చెప్పింది. మావయ్య బుద్ధిగా తలూపాడు.

రోజూ వంటగదిలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. కప్పు, గొడుగు, తాళంచెవి. అత్తయ్య పెదాలు కదిపీ కదిపీ కళ్లనీళ్లు పెట్టుకునేది.

ఆ రోజు నేను పక్కనే బీన్స్ తుంచుతున్నాను. ఈసారి కార్డులో నీలం నీళ్ల మధ్య పచ్చటి నేల. అత్తయ్య మెడ నరాలు బిగుసుకున్నాయి.

"దీ... వి," అంది.

మావయ్య మొహం వెలిగిపోయింది. కానీ పాడు అలవాటు ఎక్కడికి పోతుంది? బొమ్మ కింద అచ్చేసిన మాట మీద వేలు పెట్టి, "ద్వీపం," అన్నాడు. "ద్వీ-పం. అను."

అత్తయ్య దెబ్బతిన్న పిల్లలా ఆయన వంక చూసి నోరు మూసుకుంది.

"అయ్యో, కాదే! నువ్వన్నదే రైటు! రెండూ ఒకటేనే!" అని మావయ్య ఆమె చేతులు పట్టుకున్నాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ సామెతకు అర్థం రాసింది కూడా ఆయనే.

మర్నాడు కార్డు మీద ద్వీపాన్ని ఎర్రపెన్నుతో కొట్టేసి, పైన దీవి అని రాసి తెచ్చాడు. "దీవి అన్నా చాలే. ఇంకొక్కసారి అను," అని బతిమాలాడు. అత్తయ్య బాగున్న చేత్తో ఆ అక్షరాలను తడిమింది. ఎంత ప్రయత్నించినా గొంతు పెగల్లేదు.

వానాకాలం మధ్యలో ఆమె పోయింది. దీవి అన్నదే ఆఖరి మాట.