ఏ నరం సామీ?

జమ్మలమడుగులో మా రమణి పెద్దమ్మను మొండిదంటారు. నేను ఒప్పుకోను. ఆమె అడిగే మనిషి. అడిగే ఆడదానికి మొండిదని పేరు పెట్టడం మనవాళ్ళకు అలవాటు.

నలభై ఏడేళ్ళ వయసులో ఆమె కుడి పాదం చదునైపోయింది. అరికాలి వంపు కూలి, మడమ బయటికి ఒరిగింది. వీధి కొస దాకా నడవాలంటే దారిలో రెండుసార్లు కూర్చునేది. మడమ ఎముకను కోసి, కాస్త లోపలికి జరిపి స్క్రూ బిగిస్తే వంపు నిలబడుతుందని ప్రొద్దుటూరులో ఒక డాక్టరు చెప్పాడు.

కోతకు ఆమె భయపడలేదు. భయమంతా అరికాలి గురించే. ఆమె గుంటమగ్గం నేస్తుంది. చూపు చీర మీద ఉంటుంది, గుంటలో తొక్కుడు చెక్క పూర్తిగా దిగిందో లేదో పాదమే చెప్పాలి. అరికాలు మొద్దుబారితే ఆ మగ్గం ఉండీ లేనట్టే.

మా వీధిలో నూలుకు రంగులద్దే కమాల్ బాషాకు అంతకు ముందే వేరే ఊళ్ళో ఇదే ఆపరేషను చేసి, "నరం బాగుంది" అని పంపించారు. ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర నిప్పు కణిక మీద కాలు పెట్టాడు. కమురు వాసన వచ్చేదాకా అతనికి తెలియలేదు. వెళ్ళి అడిగితే, మేం చెప్పింది రక్తనాళం సంగతి అన్నారట. మన మాటల్లో రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే. తప్పించుకునేవాడికి ఎంత సుఖం!

ఆపరేషను రోజు పొద్దున ప్రొద్దుటూరులో పెద్దమ్మకు గౌను తొడిగి, సంతకానికి కాగితం ఇచ్చారు.

"నరానికేం కాదులేమ్మా, పెట్టు" అన్నాడు డాక్టరు.

"ఏ నరం సామీ?"

"ఏ నరానికైనా."

"అట్లంటే కుదరదు. రత్తం పోయేదా, తాకితే తెలిసేదా? అది యాడుంటాది? నీ రంపం యాడ దాకా పోతాది?"

"అవన్నీ నీకెందుకమ్మా? కోసేది నేను."

"కోసేది నువ్వే. తొక్కేది నేను."

డాక్టరు నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మ కాగితాన్ని అతని చేతిలోనే పెట్టి, చీర కట్టుకుని బయటికొచ్చేసింది. బస్టాండు దాకా కుంటుతూనే నడిచింది. ఆటో ఎక్కమంటే నన్నూ తిట్టింది.

నెల తిరక్కుండా పులివెందులలో డాక్టరు శ్రీవాణి గారి దగ్గరికి వెళ్ళాం. పెద్దమ్మ మళ్ళీ అదే ప్రశ్న వేసింది. డాక్టరమ్మ విసుక్కోలేదు, పెన్ను తీసి పెద్దమ్మ కాలి మీదే గీత గీసింది.

"కోత ఈ బయటి పక్క నుంచి. ఇక్కడ తోలు కిందే స్పర్శ నరం ఒకటి సన్నగా పోతుంది. దానికి దెబ్బ తగిలితే మడమ బయటి అంచు మొద్దుబారుతుంది. ఎముక దాటి రంపం లోపలి పక్కకు దిగితే మాత్రం పెద్ద ప్రమాదం. అరికాలికి పోయే స్పర్శ నరాలూ, రక్తనాళమూ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. అందుకే చివర్లో రంపం ఆపేసి, ఉలితో నిదానంగా విడదీస్తాను."

"లోపలిది నాకు కావల్ల తల్లీ. బయటిది పోకుండా ఉంటాదా?"

"జాగ్రత్తగా చేస్తాను. పోదని మాత్రం మాటివ్వలేను."

"ఇప్పుడు తే కాయితం" అంది పెద్దమ్మ.

ఆపరేషనైన నాలుగు నెలలకు పెద్దమ్మ మళ్ళీ గుంటలోకి దిగింది. చెక్క మీద కాలు మోపి, కళ్ళు మూసుకుని తొక్కింది.

"దిగింది, తెలుస్తాంది" అంది. నాకు ఏడుపొచ్చింది.

మడమ బయటి అంచున రూపాయి బిళ్ళంత చోటు మాత్రం మొద్దుబారిపోయింది. అది విని కమాల్ బాషా వచ్చాడు.

"ఇంత తిరిగినావు, నీకూ పోయిందంట కదక్కా?"

"పోయినాది. నాకు చెప్పి పోయినాది" అంది పెద్దమ్మ, గుంటలోంచి పైకి లేస్తూ. "నీది చెప్పకుండా తీసుకున్న్యారు. ఏ నరం కోసినారో కాయితం మీద రాసిమ్మని అడుగుదాం. చెప్పులేసుకో, నేనూ వస్తాండా."