నడిమధ్య కుట్టు

నిన్న తెనాలిలో పరుపుల కొట్టుకి వెళ్ళాను. నడుము నొప్పికి మందులతో పాటు పరుపు కూడా మార్చమన్నాడు డాక్టరు. కొట్టతను చెప్పులు విప్పించి ఒక్కో పరుపు మీదా పడుకోబెట్టాడు. పట్టపగలు, పదిమంది తిరిగే బజారులో, డెబ్బై దగ్గరపడ్డ నాలాంటి బాపట్ల మాస్టారు కళ్ళు మూసుకుని పడుకోవడం ఎంత ఇబ్బందో పడుకున్నవాడికే తెలుస్తుంది. ఒకటి మరీ దిగబడింది, అతని చెయ్యి పట్టుకుని లేచాను. ఇంకొకటి బడి బల్లలా ఉంది. చివరికి ఒకటి చూపించి, ఒక వైపు మెత్తన, రెండో వైపు గట్టి, తిరగేసుకోవచ్చు, ఇది కొత్తగా వచ్చిందని గొప్పగా చెప్పాడు. నాకు నవ్వొచ్చింది.

మా ఆవిడది రేపల్లె. పెళ్ళయ్యాక వాళ్ళ పెరటి బూరుగుదూదితో కుట్టించిన పరుపును మామగారు రైల్లో తెచ్చారు. తెనాలిలో బండి మారేటప్పుడు దాన్ని మోసిన అవస్థ ఆయన జీవితాంతం చెప్పారు. నేనేమో హాస్టల్లో చాప మీద పెరిగిన మనిషిని. అంత మెత్తదనంలో నిద్రపట్టక, వారం తిరక్కుండానే కింద చాప పరుచుకున్నాను. కొత్త కాపురంలో అది ఎంత పెద్ద మాటవుతుందో నాకు తట్టలేదు. ఆవిడే దూది ఏకే ఆయన్ని పిలిపించి, పరుపుకి నడిమధ్య కుట్టు వేయించి, నా సగంలో పత్తి దట్టంగా, తన సగంలో బూరుగు వదులుగా నింపించింది. ఏటా ఎండల్లో ఆయన వచ్చి పరుపు విప్పినప్పుడల్లా పక్కనే పీట వేసుకుని కూర్చునేది.

"అన్నయ్యా, రెండూ కలపమాకు. ఆయనకి మెత్తన పడదు" అనేది. ముప్ఫై ఏళ్ళకు పైగా అదే మాట.

ఆవిడ పోయిన తర్వాతి వేసవిలో ఆయన మామూలుగానే వచ్చాడు. అమ్మగారేరని అడిగితే చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూడలేక టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాను. ఆ పీట మీద ఇక నేను కూర్చోవాలని తోచలేదు. టీ తెచ్చేసరికి వసారాలో దూదంతా ఒకటే కుప్ప.

"ఇంక మీరొక్కరే గదండీ మాస్టారూ. కుట్టు తీసేసి అంతా సమానంగా చేస్తన్నా" అన్నాడు.

మంచికే చేశాడు. కలిసిన దూదిని విడదీయడం ఎవరివల్లా కాదు. ఆవిడ పోయిన రోజు కంటే ఆ రోజే ఎక్కువ ఏడ్చాను.

"అంచున పడుకున్నారేంటి బాబాయ్ గారూ, మధ్యకి జరగండి. పరుపంతా మీదే" అన్నాడు నిన్న కొట్టతను, ఆ తిరగేసే పరుపు మీద నన్ను చూసి. నేను జరగలేదు. సింగిలు చాలేమో అన్నా వినకుండా డబులే ఇమ్మన్నాను. పాతది మార్పిడికి ఇవ్వనన్నాను. కొత్తది ఈ పొద్దున వచ్చింది. గట్టి వైపు పైకి వేయించుకుని, నా అంచునే నడుము వాల్చాను. కాలం కూడా ఆ దూది ఏకే ఆయన లాంటిదేననిపించింది. మనం ఒక్క నిమిషం లోపలికి వెళ్ళొచ్చేలోగా, మన మంచికే, అంతా కలిపి సమానం చేసి పెడుతుంది.